బర్రె లెక్కలో విమానం

లేదు, నేనొప్పుకోను. రాజమండ్రి, హైదరాబాద్ విమానాశ్రయాల మధ్య దూరం ఫోన్‌లో కొట్టి చూస్తే గాల్లో ముప్పావుగంట కూడా పట్టదని వచ్చింది. టికెట్ మీద మాత్రం గంటకు పైనే. మిగతా సమయాన్ని ఎవరు మింగుతున్నారు? ఆలస్యమైనా ‘టైముకే దిగాం’ అని చెప్పుకోవడానికి ముందే కలిపేసుకుంటారని నా అనుమానం.

ఈ గొడవంతా జున్నుతో మొదలైంది. హైదరాబాద్ గౌలిపురలో మాది పాల ఇల్లు. బర్రె ఈనితే జున్నుపాలు అమ్మం, అయినవాళ్లకు పంచుతాం. రాజమండ్రిలో ఉండే అక్కకు ఏడో నెల. జున్ను తినాలనుందని ఫోన్ చేసింది. అమ్మ వండి స్టీలు డబ్బాలో పెట్టింది. బాపు పొద్దున విమానంలో వెళ్లి సాయంత్రం పాలు పిండే వేళకు తిరిగి రావాలి. కొత్తగా ఈనిన ఆ బర్రె బాపును తప్ప ఎవరినీ పొదుగు ముట్టనివ్వదు. పిండకపోతే పొదుగు గట్టిపడి జ్వరమొస్తుంది. టికెట్లు తీసింది నేనే. వేళకు రప్పిస్తానని మాటిచ్చిందీ నేనే.

సాయంత్రం కొట్టంలో నిలబడి ఫోన్ చూస్తున్నాను. విమానం బొమ్మ శంషాబాద్‌లో వాలింది, చెప్పిన టైముకంటే ముందే.

“చూసినవా అమ్మా? ఎక్కువేసి చూపిస్తున్నరని చెప్పిన్నా లేదా!” అని అమ్మతో అంటూనే బాపుకు ఫోన్ కొట్టాను.

“ఏడున్నవ్ బాపు?”

“ఇమానంలనే ఉన్న బిడ్డా.”

“అబద్ధం! గది దిగింది, నేను చూస్తున్న.”

“దిగింది గానీ రోడ్డు మీద పోతనే ఉన్నది. ఛత్రినాక ఆటో లెక్క ఆడాడ ఆగుతున్నది.”

నేను నమ్మలేదు. మొదటిసారి ఎక్కాడు కదా, కిటికీ వదల్లేక కావాలనే కూర్చున్నాడేమో అనుకున్నాను.

బర్రె ఒకటే అరుపు. అమ్మ దండెం మీది బాపు అంగీ తీసి నా మీదికి విసిరింది. పిండే మనిషి లేకపోతే అతని బట్టలు తొడుక్కుని దగ్గరికి వెళ్లడం మా పాలవాళ్లకు అలవాటే. తెలిసిన వాసనకు బర్రె పాలు చేపి వదులుతుందని.

“నువ్వే తొడుక్కోరాదే?”

“పొద్దుగాల్నే తన్నింది నన్ను. ఫోన్ జేబుల పెట్టి పో, అదేం పారిపోదు!”

బర్రె అంగీని వాసన చూసి తల దించింది. కుదిరిందనుకుని పొదుగు కింద బకెట్ పెట్టాను. అంతలో జేబులో ఫోన్ మోగింది. నా చెయ్యి అటు పోయింది, బర్రె కాలు ఇటు వచ్చింది. బకెట్ ఎగిరి గోడకు తగిలింది.

“ఇప్పుడు దిగిన బిడ్డా,” అన్నాడు బాపు.

ఇక జల్‌పల్లి దగ్గర ట్రాఫిక్. గాల్లో ఉన్నదానికంటే ఎక్కువసేపు క్యాబ్‌లో కూర్చుని, చీకటి పడ్డాక వచ్చాడు. చొక్కా కూడా మార్చకుండా బర్రె వీపు నిమిరి పొదుగు మీద చెయ్యి వేశాడు. బకెట్‌లో పాలు చప్పుడు చేశాయి.

“అక్క తిన్నదా?” అనడిగాను.

“డబ్బ ఊడ్చింది. మీ బావకు ముక్క గూడ ఇయ్యలే.”

ఫోన్ ఇప్పటికీ ముప్పావుగంటే అంటోంది. టికెట్ గంట పైన అంటోంది. మా బర్రె మాత్రం బాపు చెయ్యి పొదుగు తాకేదాకా ఆ విమానం దిగినట్టే ఒప్పుకోలేదు. ఈ మూడింటిలో అబద్ధమాడనిది బర్రె ఒక్కటే అంటాను, కాదనేవాళ్లున్నారా?