ముంజ తొక్క

మన బ్యాచ్ వాళ్లూ, చెమటకాయలకు ముంజ తొక్క రుద్దించుకోవడం గుర్తుందా?

ఇవాళ ఇక్కడ ఈ ఎడారి దేశంలో, రూవి బజారులో ఒక కొట్లో తాటి ముంజలు కనబడ్డాయి. సైట్ ఎండకు వీపంతా చెమటకాయలు లేచి, వారం నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కొనేసి రూమ్‌కి పరుగెత్తాను.

మా నాయనమ్మ ముంజ నా నోట్లో పెట్టి, తొక్కను తిరగేసి వీపుమీద రుద్దేది. ఆ చల్లదనానికి పీటమీదే మెలికలు తిరిగేవాణ్ణి. "కదలకురా కోతి వెధవా! ఆరేదాకా చొక్కా తొడిగావంటే చంపేస్తా" అనేది. ఆరేసరికి దురద మాయం.

స్నానం చేసి వచ్చేసరికి మా కడప రూమ్మేట్ గిన్నె చేతికిచ్చాడు. "నీ కోసరం శుభ్రంగా ఒలిచిపెట్టినా అన్నా, తిను." తొక్కలన్నీ చెత్తబుట్టలో, టీ పిప్పి కింద.

గోడకు వీపు రుద్దుకుంటూ తిన్నాను. ఎంత మెలికలు తిరిగినా, "కదలకురా" అనేవాళ్లు లేరు.