ఇంజన్లాయన పక్కన రెండో కుర్చీ

ఇంజన్లాయనకు భార్య మీద అనుమానమట. వయసు మీద పడ్డాక బుద్ధి వక్రించి ఆవిణ్ని గడప దాటనివ్వడం లేదట. పొద్దస్తమానం తన గదిలో, తన కళ్ళెదుట, కుర్చీలో కూర్చోబెట్టి కాపలా కాస్తున్నాడట. మెట్ల దగ్గర పుట్టిన ఈ మాట ఇస్త్రీ బండి దాకా వచ్చేసరికి చెయ్యి చేసుకుంటున్నాడన్నంత అయింది. మందుల షాపు చేరేసరికి ఆవిడ చెంప మీద దెబ్బ కళ్ళారా చూసినవాళ్ళు కూడా బయల్దేరారు.

దెబ్బా లేదు, చూసినవాళ్ళూ లేరు. కుర్చీ మాత్రం ఉంది. ఆవిడ భయపడిన మాటా నిజమే. తన మొగుణ్ని చూసి తనే భయపడింది, అదీ మామూలు భయం కాదు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి. లేకపోతే ఈ వీధి నోళ్ళకు తాళం వేసేదెవరు?

ఆయన ఉద్యోగమంతా లిఫ్టుల్లో గడిచింది. మనం ఎక్కి దిగే పెట్టెలో కాదు, దాని నెత్తిన ఉండే గదిలో, గ్రీజు కారే ఇనుప తాళ్ళ మధ్య, మోటార్ల మధ్య. తోటి పనివాళ్ళు ఆయన్ను 'ముక్కు' అని పిలిచేవారు. లిఫ్టు ఆగిపోయిందని కబురొస్తే సగం మెట్లెక్కి ఆగి, గాలి ఒకసారి గట్టిగా పీల్చి, "మోటారు చుట్ట మాడింది, పైకి వెళ్ళి చూడక్కర్లేదు, కొత్తది పట్రండి" అనేవాడు. ఇంట్లోనూ అంతే. చెప్పులు విప్పకముందే, "ఇవాళ పాలు అడుగంటాయి కదూ?" అని అడిగేవాడు. ఆవిడకు ఒళ్ళు మండేది. "మా వాళ్ళు నాకు మొగుణ్ని వెతికారనుకున్నాను, పోలీసు కుక్కను వెతికారు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. ఆయనా నవ్వేవాడు.

ఉద్యోగం నుంచి దిగిపోయాక ఊరికే కూర్చోలేకపోయాడు. అలాంటి రోజుల్లో పళ్ళ డాక్టరొకాయన చెప్పుల డబ్బాలో పాత బొమ్మ రైలింజన్ ఒకటి పట్టుకొచ్చాడు. బొమ్మంటే పిల్లలు తాడుకట్టి లాగేది కాదు. అరచేతిలో పట్టే ఇంజన్, కానీ లోపల అసలుదానికున్నంత తతంగం. అలాంటివి పోగుచేసి, మేడ మీద గదినిండా పట్టాలు పరిచి నడుపుకునే పెద్దమనుషులు ఎంతమంది ఉన్నారో ఆవిడకు అప్పుడే తెలిసింది. "ఇంతింత మీసాలు పెట్టుకుని ఇదేం పిచ్చండీ?" అంటే, "పిచ్చి లేని మగాణ్ని ఒక్కణ్ని చూపించు" అన్నాడాయన.

ఆయన చేసే పనేమిటంటే, ఆ పాత ఇంజన్లను డిజిటల్‌గా మార్చడం. పూర్వం పట్టాల్లో కరెంటు పెంచితే వాటి మీదున్న ఇంజన్లన్నీ కలిసి పరిగెత్తేవి, తగ్గిస్తే అన్నీ కలిసి ఆగేవి. ఇప్పుడు పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఇంజన్ పొట్టలో డీకోడరని గోరంత బిళ్ళ ఒకటి కూర్చుంటుంది. చేతిలోని మీటల పెట్టె నుంచి తన నంబరు పిలిస్తేనే ఆ బిళ్ళ మోటారును కదిలిస్తుంది, పక్క ఇంజన్‌ను పిలిస్తే ఉలకదు పలకదు.

చిక్కల్లా పాత ఇంజన్ల కట్టుబడిలో ఉంది. వాటి మోటారు ఒక పక్క నేరుగా ఇనుప చట్రాన్ని తాకి ఉంటుంది. ఆ రోజుల్లో కరెంటుకు అదే దారి. డీకోడర్ పెట్టాలంటే ఆ దారి మూసెయ్యాలి. పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి మోటారును చట్రం నుంచి విడదీయాలి. కరెంటు దారి ఉంటే కూసే మీటరు పుల్లలు ఆనిస్తే అది కుయ్‌మనకూడదు. ఎక్కడైనా వెంట్రుకవాసి తగిలిందా, పట్టాల మీద పెట్టిన మరుక్షణం డీకోడర్ మాడిపోతుంది. పొగ కంటికి కనబడేసరికి అంతా అయిపోయినట్టే. దానికి ముందు సన్నగా ఒక వాసన వస్తుంది. అది తగలగానే ప్లగ్గు పీకేస్తే ఒక్కోసారి బతుకుతుంది. అలా ఆయన బతికించినవి ఎన్నో. తీగలు అతికే కాలే సోల్డరింగ్ ఐరన్ ఒక చేత్తో, ప్లగ్గు ఒక చేత్తో పట్టుకుని, ముక్కు ముందుకు చాచి కూర్చునేవాడు. ఆ గదిలోకి ఆవిణ్ని రానిచ్చేవాడు కాదు. "నీ కుట్టుమిషను దారప్పోగులు నా ఇంజన్ల చక్రాల్లో పడతాయి" అనేవాడు. ఆవిడ ముందుగదిలో బట్టలు కుట్టుకునేది.

పోయిన చలికాలం ఆయనకు జ్వరమొచ్చింది. మంచం పట్టి లేచాడు. లేచాక మనిషి మారిపోయాడు.

మొదట మాట తగ్గింది. తర్వాత నవ్వు తగ్గింది. ఒకరోజు గదిలోంచి ఏదో పడ్డ చప్పుడైతే ఆవిడ పరిగెత్తింది. బల్ల మీద పళ్ళ డాక్టరుగారి ఇంజన్, గదినిండా పొగ. అది ఆ డాక్టరు తండ్రి వాడిన ఇంజన్. మూత లేకుండా చూసినప్పుడు మీటరు నోరెత్తలేదట. తీరా మూత బిగించాక, పొడుగు మర ఒకటి లోపలికంటా దిగి చట్రాన్నీ మోటారునీ కలిపేసింది. ఇలాంటివి ఇదివరకూ అయినవే. కానీ ఆయన ప్లగ్గు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. పీకలేదు.

"ఏవండీ, పొగ! తీసెయ్యండి!" అని ఆవిడే లాగేసింది.

ఆయన ఆవిడ వైపు చూసిన చూపు ఆవిడ ఎన్నడూ ఎరగదు. ఆ సాయంత్రమే ముందుగదిలోని కుర్చీ ఒకటి తీసుకెళ్ళి తన బల్ల పక్కన వేశాడు.

"ఇక నుంచి ఇక్కడ కూర్చుని కుట్టుకో."

"దారప్పోగులు పడతాయన్నారుగా?"

"పడితే పడనీ. కూర్చో."

కూర్చుంది. ఆయన ఇంజన్ పట్టాల మీద పెట్టడం, ప్లగ్గు పెట్టడం, వెంటనే పక్కకు తిరిగి ఆవిడ మొహంలోకి కళ్ళార్పకుండా చూడటం. "ఏమైనా అనిపిస్తోందా?" అని అడగడం.

"ఏం అనిపించాలండీ?"

"ఏం లేదు. అనిపిస్తే వెంటనే చెప్పు. దాచకు."

ఏం దాచింది తను? ఎవరి దగ్గర దాచింది? రోజుకు ఎన్నోసార్లు ఇదే ప్రశ్న. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్తే, "ఎక్కడికి?" బట్టలివ్వడానికి వీధిలోకి వెళ్తే, "ఎప్పుడొస్తావ్?" వచ్చేదాకా కిటికీ దగ్గరే నిలబడేవాడు. ఆవిడ లేకుండా ఇంజన్ ముట్టుకునేవాడు కాదు. వంటింట్లోకొచ్చి పొయ్యి మీటలు పట్టుకు చూసేవాడు, మళ్ళీ చూసేవాడు. పడుకోబోయే ముందు తలుపు గొళ్ళెం కూడా అంతే.

ఆవిడకు భయం మొదలైంది. బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర మిషను మీద వదిలేసే మనిషి, దాన్ని బీరువా మీద గుడ్డల వెనక పెట్టడం మొదలుపెట్టింది. ఎందుకు పెడుతున్నావని తనను తాను అడుక్కోవడానికి కూడా ధైర్యం చాల్లేదు.

ఎదురింటి పిన్నిగారు ఊరుకునే మనిషా? తలుపు సందులోంచి గుసగుసగా, "అమ్మాయ్, మా పెదనాన్న కూడా ఇలాగే మొదలెట్టాడు. మొదట కాపలా, తర్వాత ప్రశ్నలు, ఆ తర్వాత ఒకరోజు..." అని ఆగింది.

"ఒకరోజు ఏమైంది పిన్నిగారూ?"

"ఎందుకులే, భయపడతావ్."

ఏమైందో చెప్పినా బాగుండేది.

సరిగ్గా అప్పుడే చెల్లెలు ఫోన్ చేసింది. పిత్తాశయంలో రాళ్ళట, ఆపరేషనట. "అక్కా, నువ్వు రావాలే. నాకింకెవరున్నారు? బావగారితో నేను మాట్లాడనా?" అంది.

"నేనే మాట్లాడతాలే" అంది. ఫోన్ పెట్టేసి గది గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"చెల్లి దగ్గరికి వెళ్ళాలండీ. ఆపరేషను."

ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. "వద్దు."

"వద్దంటే ఎలా? దానికి తోడెవరున్నారు?"

"వద్దంటే వద్దు. నువ్వు వెళ్తే..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

వెళ్తే ఏం చేస్తాడు? ఆవిడ ఆ మిగతా సగం మాటను మనసులో ఎన్ని రకాలుగా పూర్తిచేసుకుందో! మర్నాడు సంచీ సర్దుకుని చెప్పకుండా మెట్లు దిగబోతే, ఆయన వెనకే వచ్చి సంచీ పట్టుకున్నాడు. చెయ్యి పట్టుకున్నాడు. "రేపు చూద్దాం, ఇవాళ వద్దు, లోపలికి రా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అది ఆవిడ చెవికి ఎక్కలేదు. పట్టుకున్న చెయ్యి మాత్రం తెలిసింది. తలుపు సందులోంచి పిన్నిగారికీ ఆ చెయ్యే కనబడింది. వీధిలో మాట పుట్టింది ఆ పూటే.

అటు చెల్లెలి ఆపరేషను దగ్గరపడుతోంది. వెళ్ళకపోతే చెల్లెలు ఒంటరిదవుతుంది. వెళ్తే ఈయన ఏమైపోతాడో, తనను ఏం చేస్తాడో తెలియదు.

ఒక మధ్యాహ్నం, కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. ఈసారి ఆయన ఎక్కడికని అడగలేదు. "వెళ్ళిరా. వచ్చేసరికి నీకు టీ పెట్టి ఉంచుతాను. కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు. ఇన్ని రోజులుగా లేని మెత్తదనం. ఆ మెత్తదనానికే ఆవిడ ఎక్కువ భయపడింది.

తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే, మలుపు దగ్గర గుప్పున తగిలింది. గ్యాసు. తమ తలుపు కిందనుంచే వస్తోంది. తాళంచెవి తిప్పింది. తలుపు తోసేసరికి ఊపిరి సలపలేదు. వంటింట్లో పాలు పొంగి పొయ్యంతా కారి, మంట ఆరిపోయి, మీట తెరిచే ఉంది. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. దాని వెనక దీపం వెలుగుతోంది. ఆ వెలుగు పక్కన ఆ బల్ల మీద ఏం కాలుతూ ఉంటుందో ఆవిడకు తెలుసు.

ఆవిడ తలలో ముందుగా మెరిసింది ఒక్కటే. కావాలనే చేశాడు. మాట్లాడుకుందామన్నది ఇందుకే. ఇద్దర్నీ కలిపి తీసుకుపోదామనుకున్నాడు.

వెనక్కి తిరిగి మెట్ల మీద పడి పారిపోవచ్చు. పాదాలు అటే తిరిగాయి కూడా. అయినా ఎలా వెళ్ళిందో వంటింట్లోకే వెళ్ళింది. మీట తిప్పేసింది, కిటికీలు బార్లా తీసింది, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గది తలుపు తోసింది.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని, సోల్డరింగ్ ఐరన్ దాని స్టాండులో పెడుతున్నాడు. తల తిప్పి చూసి, "వచ్చేశావా? అరే, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే మర్చిపోయాను" అన్నాడు. పాలు మర్చిపోయిన మామూలు మనిషి మొహం. అందులో ఇంకేమీ లేదు.

ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని లాక్కుంటూ, అదే గ్యాసు మధ్యలోంచి, తలుపు బయటికి, మెట్ల మీదికి ఈడ్చుకొచ్చింది.

"ఏమైందే? అలా వణికిపోతున్నావేంటి? కిటికీలన్నీ ఎందుకు తీశావ్?"

ఎదురు తలుపు తెరుచుకుంది. "గ్యాసు! గ్యాసు! ఎవరింట్లోనమ్మా? మా ఇంట్లోకి కూడా కొట్టేస్తోంది!" అని పిన్నిగారు ముక్కు మూసుకుని కింది అంతస్తు వాళ్ళను పిలవడానికి దిగిపోయింది.

ఆ కేక విని ఆయన నిలబడిపోయాడు. తెరిచి ఉన్న తమ గుమ్మం వైపు తిరిగి, మెడ సాచి, లిఫ్టుల రోజుల్లోలా గాలి గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. మూడోసారి పీలుస్తుంటే ఛాతీ ఎగసింది గానీ మొహంలో ఏ మార్పూ రాలేదు. తర్వాత ఆ మొహం పాలిపోయింది. మెట్ల కమ్మీ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

ఆవిడ పక్కనే కూర్చుంది. ఇన్ని రోజులూ తను దేనికి భయపడిందో అది కాదని ఇప్పుడు తెలిసింది.

"ఏవండీ, ఇటు చూడండి. మీకు వాసన తెలియట్లేదు కదూ?"

ఆయన నుదుటి మీది కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"తెలియట్లేదే. జ్వరం తగ్గినప్పటి నుంచీ ఏదీ తెలియట్లేదు. చెప్తే నన్నిక పని ముట్టుకోనివ్వరని చెప్పలేదు. నువ్వు పక్కనుంటే నీ ముక్కుతో నెట్టుకొద్దామనుకున్నాను. నువ్వెళ్తే ఈ ఇల్లు తగలబెట్టుకుంటానేమోనని రోజూ చస్తున్నాను. ఇవాళ అంత పనీ చేశాను. నువ్వు మీ చెల్లెలి దగ్గరికి వెళ్ళు. వెళ్ళేముందు గ్యాసు బండ కట్టేసి, ఆ సోల్డరింగ్ ఐరన్ నీ సంచీలో వేసుకుపో. వచ్చాక మాత్రం తిరిగిచ్చెయ్యి."