పిలా అంటే పిల్ల కాదు

నా చిన్నప్పుడు మా వీధి వాళ్ళు ఒక్క మాట పట్టుకుని ఒక మనిషిని ఊళ్ళో లేకుండా తరిమేశారు. ఆ వీధి వాళ్ళలో మా నాన్న ఉన్నాడు, నేనూ ఉన్నాను. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. శాంతంగా చెప్పడం నా వల్ల కాదు కాబట్టి మండుతూనే చెబుతాను.

అప్పటికి మా గంజాం జిల్లా ఇంకా మద్రాసు రాజధానిలోనే ఉండేది. బరంపురంలో మాకు బట్టల కొట్టు. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా. తాతల నాటి నుంచీ అంతే. రెండూ నోట్లో కలిసిపోయి, ఏ మాట ఏ భాషదో ఒక్కోసారి మాకే తెలిసేది కాదు.

మా కొట్టుకి ఒక కొత్త మనిషి వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. అందరూ పురుషోత్తంపూర్ అబ్బాయి అనేవారు. మా కులం వాడే. ఊహ తెలియని వయసులో అమ్మా నాన్నా కలరాతో పోతే, పక్కింటి ఒడియా రైతు దంపతులు తీసుకెళ్ళి పెంచుకున్నారు. వాళ్ళూ పోయాక, మనవాళ్ళ మధ్య బతకాలని బరంపురం వచ్చాడు. ఒడియా బేరాలకి పనికొస్తాడని మా నాన్న ఎగిరి గంతేసి పెట్టుకున్నాడు.

అతని తెలుగు వింటే నవ్వాగేది కాదు. ఒడియాలో ఆడా మగా తేడా లేకుండా ఒకటే క్రియ కదా, అందుకని 'మీ నాన్న వచ్చింది, ఆవు వచ్చాడు' అనేవాడు. వీధి అరుగుల మీద కూర్చునే పెద్దమనుషులు పనిగట్టుకుని పిలిచి, మాట్లాడించి, కడుపు పట్టుకుని నవ్వేవారు. అతనూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు. తనని దగ్గరికి రానిస్తున్నారనుకున్నాడు పాపం. నన్ను మాత్రం 'పిలా' అని పిలిచేవాడు. ఒడియాలో పిలా అంటే చిన్నబిడ్డ, ఆడైనా మగైనా. ఆ సంగతి మా వీధిలో పసివాళ్ళకి కూడా తెలుసు.

మా పక్కింటి అక్కకి తండ్రి లేడు. అన్న ఉన్నాడు గాని, ఆ ఇంటి మంచిచెడ్డలన్నీ మా నాన్న మాట మీదే నడిచేవి. ఆ అక్కని అతనికిస్తే బాగుంటుందని ముందుగా అన్నది మా నాయనమ్మ. అక్క వద్దనలేదు. అతను కొట్టుకి వెళ్ళే వేళకి వాళ్ళ గుమ్మంలో ఏదో ఒక పని కల్పించుకునేది. ఒకరోజు నాయనమ్మ అతన్ని పెళ్ళంటే ఇష్టమేనా అని అడిగింది. అతను తల దించుకుని చెప్పిన మాట నేను విన్నాను.

"నాకు సోకులేటీ వద్దు మామ్మా. ఇంటికెల్తే, ఇంత ఆలిసెమేటి అని అడిగే మనిసి ఒకరుండాల. అంతే."

మా నాన్న ఔననలేదు, కాదనలేదు. చూద్దాం అన్నాడు.

అంతలో నాకు జ్వరం వచ్చింది. మా అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది, నాయనమ్మ తోడెళ్ళింది. పక్కింటి అక్కే మా ఇంట్లో ఉండి నాకు గంజి పోస్తూ, తడిగుడ్డ వేస్తూ చూసుకుంది. నాలుగో రోజు మధ్యాహ్నం అతను కొబ్బరిబోండాం పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి రాలేదు. నా మంచం గుమ్మం పక్కనే ఉంది కాబట్టి ప్రతి అక్షరం నాకు వినిపించింది.

"పిలా ఎలాగుంది? ఓపాలి సూసి ఎల్లిపోతాను."

అరుగు మీద అక్క వాళ్ళ అన్న ఉన్నాడు. పిల్ల ఎలా ఉందో ఒకసారి చూసి పోతాడట, నా చెల్లెలు సంతలో సరుకా అని మీద పడ్డాడు. బోండాం ఎటో దొర్లిపోయింది. క్షణంలో వీధంతా పోగయింది. అతని నోట్లోంచి తెలుగు రావడం మానేసింది. పిలా, పిలా అని లోపల ఉన్న నా వైపు చెయ్యి చూపిస్తే, మళ్ళీ అదే మాటంటున్నాడు చూడండని ఇంకా కొట్టారు.

అక్క గుమ్మంలోకి వచ్చి, అతను అడిగింది తనని కాదు, జ్వరంతో ఉన్న పాపని అని చెప్పింది. ఆడపిల్ల అతని తరఫున నోరు విప్పింది కదా, ఇంకేం సాక్ష్యం కావాలి అన్నారు. ఇక మిగిలింది నేను. నన్నే అడిగాడని లేచి ఒక్క కేక వేస్తే సరిపోయేది. గుమ్మంలో మా నాన్న ఎర్రబడ్డ మొహంతో నిలబడి ఉన్నాడు. నాకు భయం వేసి దుప్పటి ముసుగేసుకున్నాను. ఆ సాయంత్రానికి అతను బరంపురంలో లేడు.

జ్వరం తగ్గాక నాయనమ్మకి మొత్తం చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని, ఎన్నడూ కొట్టు గడప తొక్కని మనిషి, నేరుగా వెళ్ళి చాప మీద కూర్చుంది. కాసేపటికి దిగపహండి నుంచి ఒక రైతు వచ్చి, పిలాకి చొక్కాగుడ్డ కావాలని ఒడియాలో అడిగాడు. మా నాన్న ఏమాత్రం తడుముకోకుండా, బిడ్డకి ఎన్నేళ్ళని అడిగి, చిన్న గళ్ళ తాను లాగాడు.

"పిల్ల అంటన్నాడు కదేటిరా," అంది నాయనమ్మ. "పట్టుసీర తియ్యి."

మా నాన్న వినిపించుకోనట్టు గజంబద్ద అందుకున్నాడు.

"బాగానే తెలిసింది నీకు. మరి ఆ దినం నీ సెవులేటయిపోనాయి?"

మా నాన్న గుడ్డ చింపి ఇచ్చి రైతుని పంపేశాడు. తర్వాత తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

"ఆ దినమూ తెలిసిందమ్మా. కొట్లో ఒడియా సెల్తాది. ఇంట్లో సెల్లదు."

అంటే పొరపాటు కాదు. అక్కడున్న వాళ్ళలో ఎవరూ పొరపడలేదు. అల్లుడిగా వద్దనుకున్న మనిషిని వదిలించుకోవడానికి ఒక మాట దొరికింది, అంతే. అర్థం కాక కొట్టారనుకుంటే ఏదో నాటికి క్షమించేదాన్నేమో. అర్థమయ్యీ కొట్టారు. నాయనమ్మ పట్టుబట్టి పురుషోత్తంపూర్‌కి మనిషిని పంపిస్తే, గోపాలపురం రేవులో బర్మా వెళ్ళే రంగం ఓడ ఎక్కేశాడని కబురొచ్చింది. మళ్ళీ ఏ కబురూ లేదు.

అక్కని ఆ ఏడే టెక్కలి సంబంధానికి ఇచ్చేశారు. మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు నాకు జడ వేస్తూ ఒక్కటే అడిగింది.

"ఆ దినం నువ్వు మెలకువగా ఉన్నావేటే?"

నిద్రపోయానని చెప్పాను. అదే అనుకున్నానులే అంటూ జడ చివర ముడి వేసింది. నమ్మలేదని ఆ గొంతే చెప్పింది.

అప్పటి నుంచి నలుగురు చేరి ఒకరి మాటకి పెడర్థం తీస్తుంటే నా నోరు ఊరుకోదు. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, మా కోడలి పుట్టింటి వాళ్ళ దగ్గర కూడా, ఆ మనిషి అన్నది అది కాదు, మీకూ తెలుసు అని మొహం మీదే అనేస్తాను. మా వాళ్ళు నన్ను గయ్యాళి అంటారు. అననీండి. తొమ్మిదేళ్ళప్పుడు, ఆ ఒక్క మధ్యాహ్నం, గయ్యాళినయి ఉంటే బాగుండేది.