బూబమ్మ పడనివ్వని మాట

ఆత్మకూరులో మా ఇంట్లో ఇప్పుడన్నీ స్టీలు గరిటెలే. నా పట్టుదల వల్ల చెక్క గరిటె ఒక్కటి మిగిలింది. వేడి పులుసులో తిప్పితే తడి కర్ర వాసన లేస్తుంది. ఆ వాసనకు ఉదయగిరి మస్తాన్‌బీ గుర్తొస్తుంది. అందరం బూబమ్మ అనేవాళ్ళం. ఆమె పంచలో మగవాళ్ళు చెక్క స్పూన్లు చెక్కితే, మేం ఆడవాళ్ళం ఉప్పుకాగితంతో నున్నగా రుద్దేవాళ్ళం. సాయంత్రం రాలిన పొట్టూ చెక్కముక్కలూ పొయ్యిలోకని కొంగులో మూటగట్టుకుని పోయేవాళ్ళం. అది అక్కడి వాడుక.

దొంగ అనే మాట ఆమె నోట రోజూ వినేవాళ్ళమే. మనవడు తలుపు చాటున నక్కితే "దొంగా, దొరికినావురా!" అని ముద్దు పెట్టుకునేది. పనివాళ్ళను మాత్రం ఎవరినీ ఆ మాట అననిచ్చేది కాదు. ఎందుకో నాకు ఒకరోజు తెలిసింది.

ఆ సాయంత్రం గడప దాటుతుంటే నా మూట జారి విడిపోయింది. పొట్టులోంచి పూలు చెక్కిన స్పూను బయటపడింది. బూబమ్మ కొడుకు రఫీ చూశాడు.

"ఏందిది? పొయ్యిలోకి పూల స్పూన్లు గూడానా! దొంగ..."

పంచలో రుద్దే చప్పుడు ఆగిపోయింది. నా చంకలో బిడ్డ, ఇంట్లో మంచం పట్టిన మొగుడు. ఆ పేరు పడితే ఇంకెవరు పనిస్తారు?

"నోర్ముయ్‌రా. నేనే ఇచ్చినా," అంది బూబమ్మ, తలెత్తకుండా.

అందరూ వెళ్ళాక అన్నాను: "నువ్వియ్యలేదు గదా బూబమ్మా. ఊడ్చేటప్పుడు పొట్టులో కలిసినట్టుండాది. నేను చూళ్ళేదు."

"నేనడిగినానా మే? స్పూను పోతే ఇంకోటి చెక్కుకుంటాం. ఆ మాట పడిందంటే రేపు నీ బిడ్డను గూడా దొంగదాని కూతురంటారు. పో, పొద్దు పోతా ఉండాది."

నన్ను నమ్మిందో లేదో ఇప్పటికీ తెలియదు.

మొన్న మనవరాలి వెండి పట్టీ కనబడలేదు. "అంట్లు తోమే కొండమ్మ తప్ప ఎవరొచ్చినారు అత్తా?" అని కోడలు గొంతు పెంచింది. పెరట్లో కొండమ్మ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది.

"నేనే తీసి దాచినాలే," అన్నాను.

చింతపండు పిసరు వృథా అయినా ఊరుకోనిదాన్ని, ఆ పట్టీ కోసం ఇల్లంతా గాలించాను. దొరకలేదు. ఏ వస్తువు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతానని నాకు పేరు. ఇప్పుడు కోడలు అడిగినప్పుడల్లా, "ముసిలిదాన్నయిపోయినా. యాడ పెట్టినానో గుర్తు రాలేదు," అంటున్నాను.