నాన్న చూసిన ఒకే ఒక్క ఆట

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. బంతి ఆడే రోజుల్లో ఆ కోపం కాళ్ళలో ఉండేది కాబట్టి పనికొచ్చేది. ఆట పోయాక నోట్లోకి వచ్చింది. నోట్లోకి వచ్చాక అది చేసిన పని ఒకటుంది. అది చెప్పాలంటే ముందు నా మోకాలి సంగతి చెప్పాలి.

మాది ముసునూరు దగ్గర ఒక మామిడి తోట. మాది అంటే సొంతం కాదు, నాన్న ఆ తోటకి కాపలాదారు. ఏటేటా నూజివీడు షావుకారు ఒకాయన కాయని గుత్తకి తీసుకునేవాడు. ఆయన తీసుకున్నన్నాళ్ళూ తోటతోపాటు మేమూ ఆయన మనుషులమే. నూజివీడు స్కూల్లో డ్రిల్లు మాస్టారు నాకు ఫుట్‌బాల్ నేర్పారు. ఆయన పుణ్యమా అని పందొమ్మిదేళ్ళకి హైదరాబాదులో ఒక బట్టల మిల్లు టీములో పడ్డాను. పేరుకి గోడౌన్లో ఉద్యోగం. చేసేది మాత్రం పొద్దున్నా సాయంత్రం బంతి ఆడటం.

ఇది నాన్నకి ఎంత చెప్పినా ఎక్కలేదు.

"ఆడితే జీతమిస్తారా?"

"ఇస్తారు."

"ఓడిపోతే?"

"ఓడిపోయినా ఇస్తారు."

"మరి వాళ్ళకేంట్రా లాభం?"

తోటలో కూలికి వచ్చేవాళ్ళతో మాత్రం నాన్న "మావాడు బంతుద్యోగం చేస్తున్నాడు" అని చెప్పుకునేవాడు. వాళ్ళు నవ్వితే తనూ నవ్వేవాడు. నేను ఆడగా ఆయన ఎన్నడూ చూడలేదు. స్కూలు రోజుల్లో కూడా తోట వదిలి వచ్చింది లేదు.

నిజానికి అది నవ్వులాట ఉద్యోగమేమీ కాదు. వెళ్ళిన కొత్తలో బూట్లు ఇచ్చారు. పుట్టాక చెప్పులే సరిగ్గా ఎరగని కాళ్ళు, వారం తిరక్కుండా బొబ్బలెక్కిపోయాయి. విప్పి అవతల పారేస్తే కోచ్ చూసి, ఎండలో మైదానం చుట్టూ ఇరవైసార్లు తిప్పించాడు. బూట్లతోనే. మద్రాసు, బొంబాయి, కలకత్తా అన్నీ మూడో తరగతి పెట్టెలో వెళ్ళి ఆడొచ్చాం. ఏ ఊళ్ళోనూ స్టేషనూ మైదానమూ తప్ప నేను చూసిందేమీ లేదు. అయినా బంతి కాలికి తగిలినప్పుడు, పోనీలే, ఇంకేం కావాలి అనిపించేది.

మూడేళ్ళు బాగానే సాగింది. నాలుగో ఏడు వేసవికి ముందు ఒక మ్యాచిలో ఎదుటివాడు వచ్చి నా మీద పడ్డాడు. మోకాలు లోపల కలుక్కుమంది. డాక్టరు వంచి చూశాడు, తిప్పి చూశాడు. "లోపల కొంచెం చిరిగింది. రెండు నెలలు బంతి ముట్టుకోకుండా ఉంటే సర్దుకుంటుంది. ఈలోగా ఇంకోసారి మెలిపడిందా, ఇక అంతే" అన్నాడు.

కోచ్ పక్కనే నిలబడి విన్నాడు. ఆయన ఓదార్చే రకం కాదు. "ఇంటికెళ్ళి కూర్చో. జూన్లో రా. పరిగెత్తించి చూస్తాను. పరిగెత్తగలిగితే నీ ఉద్యోగం పర్మనెంటు చేయమని నేనే రాస్తాను. లేదంటే ఇంకొకణ్ణి తీసుకుంటాను" అన్నాడు. నా బతుకు, మా ఇంట్లోవాళ్ళ బతుకు ఆ ఒక్క మోకాలి మీద ఉందని నాకు అప్పుడే అర్థమైంది.

ఇంటికొచ్చాను గానీ మోకాలి సంగతి చెప్పలేదు. చెబితే అమ్మ ఏడుస్తుంది, నాన్న నన్ను బండెక్కించి కట్టు కట్టేవాడి దగ్గరికి తీసుకుపోతాడు, వాడు వెదురుబద్దలు వేసి మంచాన పడేస్తాడు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న సాకులు. అసలు సంగతి, నాకు సిగ్గేసింది. పట్నంలో ఆడేవాడు కుంటుకుంటూ వచ్చాడని తోటలో ఎవరూ అనుకోకూడదు. సెలవిచ్చారని చెప్పి, కుంటు కనపడకుండా నెమ్మదిగా నడుస్తూ, కోత జరిగే చోట నీడన కూర్చుని కాయలు ఏరిపెట్టేవాణ్ణి. "పట్నం పోయి బద్ధకం నేర్చాడు" అంది అమ్మ. అననిచ్చాను.

మే నెలలో కోత మంచి జోరు మీద ఉండగా, ఒక మధ్యాహ్నం నాన్న తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ గబగబా వచ్చాడు.

"ఒరేయ్ అబ్బాయా, ఆదివారం నూజివీడులో ఆటంట. మనోళ్ళకీ మైలవరం వాళ్ళకీ. షావుకారు గారే కప్పు పెట్టారు. నువ్వొచ్చావని ఆయనకి తెలిసిపోయిందిరా! 'ఏమయ్యా, మీవాడు మనవైపు ఆడతాడా' అనడిగారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఆడతాడండీ, ఎందుకాడడండీ అన్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నన్నడక్కుండా మాటివ్వమని నీకెవరు చెప్పారు?" అని అరిచాను. చెట్ల మీద చిక్కాలతో కాయ దింపుతున్నవాళ్ళు కూడా ఆగి చూశారు.

నాన్న బిక్కచచ్చిపోయాడు. "తప్పయిందా? పోనీ, ఆడలేడండీ అని చెప్పొస్తాలే" అన్నాడు. అన్నాడు గానీ కదల్లేదు. షావుకారు ముందు నిలబడి ఆయన ఒక మాట వెనక్కి తీసుకోవడం నేను పుట్టాక చూడలేదు. నావైపు చూడకుండా, "నన్ను కూడా రమ్మన్నార్రా. కుర్చీ వేయిస్తానన్నారు" అన్నాడు.

నోరు విప్పి మోకాలి సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. కుర్చీ మాట విన్నాక చెప్పలేకపోయాను. "సరేలే, ఆడతాను. ఇక ఆ మొహం పెట్టకు" అన్నాను.

కుర్చీ నిజంగానే వేశారు, షావుకార్ల వరసలో చివర. నాన్న ఉతికిన పంచె కట్టుకుని అందులో ఒక్క నిమిషం కూర్చున్నాడు. బంతి కదలగానే లేచి గీత పక్కకి వచ్చేశాడు. మైలవరం వాళ్ళంతా ఉత్త కాళ్ళతో వచ్చారు, నేను బూట్లు వేసుకుంటే ఒప్పుకునేది లేదన్నారు. విప్పేశాను. మొదటి సగమంతా బంతి వస్తే పక్కవాడికి తట్టి ఇచ్చేశాను, ఒక్క అడుగు పరిగెత్తలేదు. "హైదరాబాదు నుంచి వచ్చింది ఇందుకేనా" అని జనం ఎకసెక్కాలు మొదలెట్టారు. అవి నాకు కొత్త కాదు. కానీ నాన్న వాళ్ళవైపు తిరిగి, "బస్సులో వచ్చి అలిసిపోయాడండీ" అని సర్దిచెబుతున్నాడు. నేనొచ్చి అప్పటికి మూడు వారాలు.

రెండో సగంలో బంతి వచ్చి కాలికి దొరికింది. ఇక డాక్టరూ గుర్తులేడు, కోచూ గుర్తులేడు. ఇద్దరిని తప్పించుకుని పరిగెత్తాను. గీత వెంట పంచె ఎగ్గట్టి నాన్న పరిగెడుతున్నాడు. "కొట్రా! కొట్రా!" అని అరుస్తున్నాడు. కొట్టాను. గోలు పడింది. కొట్టిన ఊపులో ఒంటికాలి మీద తిరిగాను, లోపల మళ్ళీ కలుక్కుమంది. ఈసారి నొప్పి కంటే ముందు భయం వచ్చింది. మిగతా ఆటంతా ఒకచోట నిలబడి గడిపాను. ఆ ఒక్క గోలుతోనే గెలిచాం. షావుకారు నాకో దండ వేసి, నాన్న మెళ్ళో కూడా ఒకటి వేశాడు. బండి మీద తోటకి వచ్చేదాకా నాన్న దాన్ని తీయలేదు.

జూన్లో కోచ్ ఈల వేశాడు. రెండు చుట్లు పరిగెత్తాను. మూడో చుట్టులో కాలు మడతపడి కింద పడ్డాను. ఆయన వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు.

"వేసవిలో ఆడావా?"

"లేదండీ. మామిడి చెట్టు మీంచి పడ్డాను."

ఆయన నమ్మలేదు. నమ్మలేదని అననూ లేదు. నా భుజం తట్టి, వరసలో తర్వాతవాణ్ణి పిలిచాడు. ఇరవై మూడేళ్ళకి నా ఆట అయిపోయింది. హాస్టలు గదిలో తలుపేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఇంట్లో మాత్రం "మిల్లులో మనుషుల్ని తగ్గించారు" అని చెప్పాను. షావుకారు షెడ్డులో పని దొరికింది. కాయలు ఏరడం, గంపలో గడ్డి పరిచి సర్దడం. కోతల రోజుల్లో నాన్న కూడా అక్కడే ఉండేవాడు. అక్కడ మొదలైంది నా నరకం. కాయ కొనడానికి చింతలపూడి నుంచి ఎవరొచ్చినా, ఎక్కడినుంచి ఎవరొచ్చినా, ఆయన ఆ ఆట గురించి చెప్పేవాడు. మొదటి ఏడు నేను ఒక గోలు కొట్టాను. మరుసటేడికి రెండయ్యాయి. ఆపైన మూడు. "గీత పక్కన నేనూ పరిగెత్తానండీ, వాడికంటే నేనే ముందున్నాను" అని లేచి పంచె ఎగ్గట్టి చూపించేవాడు. వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. నేను గంపలో తల పెట్టుకుని పళ్ళు నూరుకునేవాణ్ణి.

అయిదో ఏడు, ఒక రోజు మోకాలు వాచి ఉంది. గంప ఎత్తబోయి కూలబడ్డాను. కాయలన్నీ దొర్లిపోయాయి. నాన్న పరిగెత్తుకొచ్చి ఏరుతూ, నన్ను నవ్వించడానికే పాపం, "ఈ కాలుతోనేనా మైలవరం వాళ్ళకి మూడు గోల్సు కొట్టింది" అన్నాడు.

"ఒక్కటే!" అన్నాను. "కొట్టింది ఒక్కటే. ఆ ఒక్కదానితోనే నా కాలు పోయింది, ఉద్యోగం పోయింది. ఆడొద్దని డాక్టరు చెప్పాడు. నువ్వెళ్ళి మాటిచ్చొచ్చావు. ఇక ఆ డప్పు ఆపు!"

నాన్న చేతుల్లో రెండు కాయలున్నాయి. వాటిని జాగ్రత్తగా గంపలో పెట్టాడు.

"మిల్లులో మనుషుల్ని తగ్గించారన్నావు కదరా."

నేను కూర్చున్నచోటే దొర్లిన కాయలు ఏరడం మొదలెట్టాను.

"చెప్పుంటే, షావుకారు గారి కాళ్ళు పట్టుకునైనా వద్దనొచ్చేవాణ్ణి కదరా" అన్నాడు.

కాదు నాన్నా, తప్పు నాదే అనాల్సింది. నాదేనని నాకు తెలుసు. తెలిసి కూడా అనలేదు. ఆ పూట నాకు తిట్టడానికి ఒక మనిషి కావాలి, ఆయన ఎదురుగా ఉన్నాడు.

వారం తిరక్కుండా మైలవరం వ్యాపారి ఒకాయన వచ్చాడు. ఏటా వచ్చేవాడే. నాన్న కథంటే ఆయనకి సరదా. "ఏం పెద్దాయనా, ఈ ఏడు మీవాడు మా మీద ఎన్ని గోల్సు కొట్టాడు?" అని నవ్వుతూ అడిగాడు. షెడ్డులో అందరూ నవ్వడానికి సిద్ధపడి నాన్నవైపు తిరిగారు. నేనూ తిరిగాను. చెప్పు నాన్నా, మూడని చెప్పు, పది అని చెప్పు అని లోపల్లోపల బతిమాలుకున్నాను.

నాన్న గంపలో గడ్డి సర్దుతూ తలెత్తలేదు.

"నాకు తెలవదండీ" అన్నాడు. "ఆ రోజు తోటలో కాపలా ఉన్నానండీ. ఆట నేను చూళ్ళేదు."