మంచు మీద నరసాపురం లేసు

మొన్న శుక్రవారం సెలవునాడు చర్చి నుంచి వచ్చి, కువైట్ మహబూలాలో మేం నలుగురు ఆడవాళ్లం కలిసి ఉంటున్న ఫ్లాటులో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. మా గదిలో ఉండే నర్సమ్మాయి, మా గోదావరి పిల్లే, మంచం మీద బోర్లా పడుకుని ఫోను చూసుకుంటున్నదల్లా ఉన్నట్టుండి లేచి దాన్ని తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. ఎవరో జపాను అమ్మాయి, మంచు మీద కత్తుల బూట్లతో ఆడే ఆటలో చాలా పేరున్నదట, ఇక ఆడనని చెప్పి ఆఖరిసారి దిగింది. ఆట అయ్యాక జనం పూలగుత్తులూ బొచ్చు బొమ్మలూ వానలా మంచు మీదకు విసురుతున్నారు. ఆ పిల్ల ఏడుస్తూ నాలుగు దిక్కులకూ వంగి వంగి దండాలు పెడుతోంది. "ఏంటాంటీ, ఆట మానేస్తే ఇంతేడుపా! మనకి డ్యూటీ లేదంటే పండగ చేసుకుంటాం కదా" అని మా నర్సమ్మాయి పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటుంటే ఆ పిల్ల కంగారుపడి నీళ్లు తెచ్చింది. ఏం చెప్పను దానికి? సరిగ్గా ఇలాగే వంగి దండం పెట్టిన ఒక జపాను మనిషిని, ఈ కువైట్‌లోనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా చూశానంటే నమ్ముతుందా?

నాతోపాటు వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మనం వచ్చిన కొత్తలో ఈ ఫోన్లూ ఈ మొహాలు చూసుకోవడాలూ లేవు, ఫోను కార్డు గీకి నంబరు నొక్కి, అటువైపు హలో అనేలోగానే సగం కార్డు అయిపోయేది. అప్పట్లో నేను అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేదాన్ని. ఇంటి యజమానురాలిని ఇక్కడి పనివాళ్లందరిలాగే మామా అనేదాన్ని, అరబ్బీలో అమ్మా అన్నట్టు. నోరు పెద్దది, మనసు మరీ చెడ్డది కాదు. ఆవిడ ఒక్కగానొక్క కూతురిని పొత్తిళ్లలో నుంచీ పెంచింది నేనే. ఆ పాపకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి టీవీలో మంచు ఆట చూసి నేనూ నేర్చుకుంటానని పేచీ మొదలుపెట్టింది. ఆ ఇంట్లో పాప అడగడమే తరువాయి, మర్నాటికల్లా బూట్లొచ్చేశాయి. ఇక వారానికి మూడు సాయంత్రాలు ఊళ్లో ఉన్న ఐస్ రింకుకు పాపనూ నన్నూ తీసుకెళ్లడం డ్రైవరు పని. అతనిది కడప జిల్లా. నాకు తమ్ముడి వరస, నన్ను అక్కా అనేవాడు. మొదటిరోజే రింకు తలుపు తీసి తొంగిచూసి, "ఏందక్కా ఈ పిచ్చి, బయట నిప్పులు కురుస్తాంటే లోపల మంచు చేసుకోని దాని మీద పడతా లేస్తా ఉండారు" అని మళ్లీ కారులోకి పారిపోయాడు.

పారిపోవడానికి నాకెక్కడ వీలు? రెండు స్వెట్టర్లు వేసుకుని, తలకు శాలువా చుట్టుకుని, అడ్డుగోడ పక్కన బెంచీ మీద కూర్చుని లేసు అల్లుకునేదాన్ని. మాది నరసాపురం దగ్గర పల్లె. మా వైపు ఆడపిల్ల చేతికి పలక కంటే ముందు లేసు సూది వచ్చేది. మా అమ్మ, మా పిన్నులు, మా అమ్మమ్మ, అందరూ అరుగుల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూనే పువ్వులు పువ్వులుగా అల్లిపడేసేవారు. ఏజెంటు వచ్చి పట్టుకెళ్లేవాడు. ఆ లేసు ఎక్కడెక్కడి దేశాలకో వెళ్తుందని చెప్పుకునేవాళ్లం గానీ, ఎవరు కట్టుకున్నారో, ఏ బల్ల మీద పరిచారో, మాలో ఒక్కరూ చూసిన పాపాన పోలేదు. మా అమ్మ అప్పుడప్పుడు అనేది, ఒక్కసారి ఎవరైనా దొరసాని ఒంటి మీద చూడాలని ఉందే అని. ఆ మాటకు మేమంతా నవ్వేవాళ్లం.

పాపకు ఆట నేర్పే టీచరమ్మే ఆ జపాను మనిషి. ముప్పై దగ్గర పడుతోంది, ఆ ఆటలో అది ముసలితనమేనట. చేపపిల్లలా సన్నగా ఉండేది, మాట బయటికి వినపడేది కాదు. మంచు మీద అడుగుపెట్టే ముందు ఒకసారి, బయటికొచ్చాక ఒకసారి, మంచు వైపు తిరిగి నడుము వంచి దండం పెట్టేది. నేను ప్రార్థన అనుకుని నేనూ తల వంచుకుని కళ్లు మూసుకునేదాన్ని. అది చూసే కాబోలు, ఒకరోజు వచ్చి నా పక్కన కూర్చుంది. నా చేతిలో లేసు వైపు చాలాసేపు చూసి, తన ఇంగ్లీషులో, "మా అమ్మ కూడా ఇలాగే" అంది. నా అరబ్బీ, ఆమె ఇంగ్లీషు, ఇద్దరి చేతి సైగలూ కలిపి ఎలాగో ఒక భాష తయారుచేసుకున్నాం. అదేం చిత్రమో, సొంత భాషలో చెప్పుకోలేనివి ఆ వచ్చీరాని భాషలో హాయిగా చెప్పుకునేవాళ్లం.

వాళ్లది ఉత్తరాన సముద్రం ఒడ్డున మంచు పడే ఊరు. తల్లి చేపల మార్కెట్టులో పనిచేసేది. అయిదేళ్లప్పుడు ఈమెను మంచు ఎక్కించింది. ఈ ఆటకు వేసుకునే గౌన్లు కొనాలంటే వాళ్లవల్ల అయ్యే పని కాదు కాబట్టి ప్రతి ఏటి గౌనూ తల్లే కుట్టింది. చిన్నపిల్లల పోటీల్లో దేశంలోనే మొదటి బహుమతి వచ్చిందట. పెద్దవాళ్లలోకి వచ్చాక ఒక ఏడాది పరాయిదేశం పోటీలకు వెళ్లే జట్టులో చోటు ఖాయమనుకుంటే కొద్దిలో తప్పిపోయింది. ఇంకో ఏడాది తుంటి దగ్గర దెబ్బ తగిలి ఆపరేషను, ఏడాదంతా మంచమే. మళ్లీ లేచి, పడి, నేర్చుకుని, దేశం మొత్తానికీ జరిగే పెద్ద పోటీకి సిద్ధమైంది. రేపో మాపో ప్రయాణం అనగా, తల్లి కుట్టుమిషను దగ్గరే కూలబడి ప్రాణం విడిచింది. పోటీ మానేసింది. ఆ రింకులో ఎటు చూసినా అమ్మే కనిపించి ఉండలేక, ఎవరో కువైట్‌లో టీచరు కావాలంటే సరేనని వచ్చేసింది. మిషను మీద ఉండిపోయిన ఆ సగం గౌను మాత్రం వెంట తెచ్చుకుంది.

ఒక సాయంత్రం ఆ గౌను తెచ్చి చూపించింది. లేత నీలం, తెల్లవారుజామున గోదావరి మీద కనిపించే రంగు. ఒంటి భాగమంతా కుట్టు పూర్తయింది. భుజాలూ చేతులూ ఉత్త వల గుడ్డ. దాని మీద తల్లి ఎర్రదారంతో చిన్నచిన్న గుర్తులు వేసి పెట్టుకుంది, ఇక్కడో పువ్వు, ఇక్కడో ఆకు అని. తుంటి ఇంకొక్క ఏడాదికి ఒప్పుకుంటుందని డాక్టరు అన్నాడట. ఈ ఏడు వెళ్లి, ఆ పెద్ద పోటీలో ఈ గౌను వేసుకుని ఒక్కసారి ఆడాలి, తర్వాత ఇక మానేస్తాను, ఈ పువ్వులు మీరు అల్లిపెడతారా అని అడిగింది.

మీతో దాపరికం దేనికి, ఆ ఎర్రదారం గుర్తులు చూడగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మా పాపకు నడక వస్తున్న రోజుల్లో మా అమ్మ పోయింది. అది రంజాన్ నెల, ఇంటినిండా చుట్టాలు, పండగయ్యాక వెళ్దువులే అంది మామా. ఆవిడ చెడ్డతనంతో అన్నది కాదు, ఆ ఇంట్లో అలాగే జరిగేది. పండగయ్యాక వెళ్లి ఏం చూడను నేను? అమ్మ సంచీలో సూది గుచ్చి ఉన్నది ఉన్నట్టే సగం అల్లిన పువ్వొకటి ఉంటే తెచ్చుకుని పెట్టెలో పెట్టుకున్నాను. టీచరమ్మ గౌనుకు నేను అల్లిన మొదటి పువ్వు అదే, అమ్మ వదిలిన చోటు నుంచి అందుకుని పూర్తి చేశాను. ఎడమ భుజం మీద ఉన్న గుర్తుకు అది సరిగ్గా సరిపోయింది.

ఆ గౌను పనిలో నవ్వుకున్న రోజులూ లేకపోలేదు. మా వైపు లేసు అల్లితే గంజి పెట్టి, లాగి, ఎండబెట్టి గానీ ఏజెంటు చేతికివ్వరు. నేనూ అలవాటు కొద్దీ మామా వంటింట్లో బియ్యం గంజి కాచి, చేతుల పువ్వులన్నింటికీ పట్టించి, డాబా మీద ఎండలో వేశాను. కువైట్ ఎండ సంగతి తెలిసిందే కదా, అప్పడాల్లా తయారయ్యాయి. టీచరమ్మ అది వేసుకుని మంచు మీద గిర్రున తిరిగితే చేతులు రెండూ గొడుగుల్లా విచ్చుకుని నిలబడిపోయాయి! పాప పడీపడీ నవ్వింది. ఆ మనిషి నోరు తెరిచి నవ్వగా నేను చూసింది అదే మొదలు. గంజంతా కడిగేసి మళ్లీ కుట్టాను. గౌను మీద నుంచి ఏ చిన్న ముక్క మంచు మీద రాలినా మార్కులు కోస్తారట, అందుకని ఒక్కో పువ్వునూ పళ్లతో లాగి చూసి మరీ వదిలాను.

టీచరమ్మ సెలవు పెట్టి బయల్దేరింది. పాత గౌనుతో ముందు వాళ్ల ప్రాంతంలో జరిగే పోటీలో నెగ్గి పెద్ద పోటీకి చేరిందని ఫోనొచ్చింది. పెద్ద పోటీ రెండు రోజులు. మొదటి రోజు చిన్న ఆట, అది పాత గౌనుతోనే. రెండో రోజు పెద్ద ఆట, అప్పుడు అమ్మ గౌను.

మొదటి రోజు పాప కంప్యూటరు హాల్లోకి తెప్పించి అందరం చుట్టూ చేరాం. టీచరమ్మ బాగా మొదలుపెట్టింది. గాలిలో మూడుసార్లు తిరిగి దిగే దగ్గర కాలు నిలవలేదు, తుంటి మీదే పడింది. అమ్మో అని నేను గుండె పట్టుకున్నాను. లేచింది, మిగతాదంతా ఆడింది, వంగి దండం పెట్టింది. పోనీలే, అసలు ఆట రేపుంది కదా అనుకున్నాం. రెండో రోజు మామా ఖర్జూరాలూ చాయ్ పెట్టించి, "యల్లా, అందరూ రండి, మన కోచ్‌ది ఈరోజే" అని తనే కేకేసింది. డ్రైవరును కూడా గుమ్మం దగ్గర నిలబడనిచ్చింది. ఒక్కొక్క పిల్లే వస్తోంది, ఆడుతోంది, వెళ్తోంది. ఎర్ర గౌన్లు, నల్ల గౌన్లు, మెరుపుల గౌన్లు. నీలం గౌను రాదు. ఆఖరున పెట్టారేమో అన్నాను నేను. చాయ్ చల్లారిపోయింది. ఆఖరి పిల్ల కూడా వెళ్లిపోయాక పాప కంప్యూటరులో ఏదో చదివి నా ఒళ్లో తల పెట్టేసుకుంది. చిన్న ఆటలో ముందున్న కొంతమందికే పెద్ద ఆటకు పిలుపు ఉంటుందట. టీచరమ్మ ఒక్క స్థానం కింద ఉండిపోయింది. "ఖలాస్" అంది పాప మెల్లగా. మామా తనే లేచి చాయ్ గ్లాసులు తీసేసింది.

తిరిగొచ్చాక టీచరమ్మ ఏమీ జరగనట్టే పిల్లలకు పాఠాలు చెప్పింది. ఉద్యోగం మానేసి వెళ్లిపోయే ముందు మాత్రం, శుక్రవారం పొద్దున రింకు తెరవకముందే నన్ను ఒకసారి పంపమని మామాను బతిమాలింది. మామా నా వైపు చూసి, చర్చి మానేస్తే నీ దేవుడు ఏమీ అనుకోడు, వెళ్లు అంది.

వెళ్లేసరికి నీలం గౌనులో ఉంది. సీట్లన్నీ ఖాళీ, మంచు అద్దంలా నున్నగా ఉంది. డ్రైవరు ఆరోజు కారులోకి పారిపోకుండా తువ్వాలు తలకు చుట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. పాట మొదలైంది. ఆ ఆట గురించి నాకేం తెలుసు చెప్పడానికి? చేతులు చాపితే నా పువ్వులు కదిలాయి, వంగితే వంగాయి, తిరిగితే కలిసిపోయి పాలనురుగులా అయ్యాయి, అంతవరకే నాకు తెలుసు. మూడుసార్లు తిరగాల్సిన చోట ఒక్కసారే తిరిగింది, మా పాప ఎగిరినట్టు చిన్నగా. డ్రైవరు గొంతు తగ్గించి, "అక్కా, ఆ పూలన్నీ నీ చేతియే గదా" అన్నాడు. ఎడమ భుజం మీదది మా అమ్మది అన్నాను.

పాట ఆగాక ఖాళీ సీట్లకే నాలుగు వైపులా వంగి దండం పెట్టింది. తర్వాత నా ఎదుటికొచ్చి వంగింది, ఎంతసేపటికీ తల ఎత్తదు. ఇలాంటప్పుడు జనం పూలు విసురుతారని కంప్యూటరులో చూశాను, నా దగ్గర ఏముంది? చేతిలో అప్పుడే పూర్తయిన లేసు పువ్వు ఉంటే దారం పుటుక్కున తెంపి విసిరాను. బరువెక్కడిది దానికి, అడ్డుగోడ పక్కనే పడింది. టీచరమ్మ వచ్చి తీసుకుంది. ఇద్దరం గోడకు ఇటొకరం అటొకరం ఒకరి భుజం మీద ఒకరం తల పెట్టి ఏడ్చాం. వారం తిరక్కుండా వెళ్లిపోయింది. కొన్నాళ్లు గ్రీటింగు కార్డులు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి.

ఇప్పుడు ఆ రింకు ఉన్నచోట కొట్లు వెలిశాయి. పాపకు పెళ్లయి ఇద్దరు పిల్లలు, ఆట ఎప్పుడో మానేసింది. డ్రైవరు తమ్ముడు కడప వెళ్లిపోయాడు, కరోనా అతన్ని పట్టుకెళ్లింది. నా చూపు ఆనక సూది పక్కన పెట్టేశాను. మా ఊళ్లోనూ ఇప్పుడు అరుగుల మీద లేసు లేదట, మిషన్లే చేసేస్తున్నాయట. మా నర్సమ్మాయి ఫోనులో ఆ జపాను పిల్లను లక్షలమంది చూస్తున్నారు, మంచిదే, చూడనీండి. ఆ నీలం గౌనులో ఆడిన ఆఖరి ఆటను చూసినవాళ్లలో మిగిలింది మాత్రం నేనొక్కదాన్నే. మా ఇంటి లేసు ఒకరి ఒంటి మీద నిండుగా కదలడం చూశాను. అది చూడాలని అంతగా కోరుకున్న మనిషికి చెప్పుకుందామంటే, ఏ కార్డు గీకినా ఏ నంబరు నొక్కినా అమ్మ పలకదు.