తీసెయ్యని దగ్గు

ఆరేళ్లుగా నేను మోస్తున్నది ఒక ఆడమనిషి దగ్గు. నాలుగు సెకన్లు కూడా ఉండదు. దాన్ని దించుకోవడానికే మీ దగ్గరికి వచ్చాను, ఓదార్పు కోసం కాదు. ఓదార్చాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

కామారెడ్డిలో నేను తత్వశాస్త్రం చెప్పేవాణ్ణి. మనిషిని పనిముట్టులా వాడుకోకూడదని, అడిగి, ఒప్పుకుంటేనే తీసుకోవాలని విద్యార్థులకు చెప్పి హాయిగా ఇంటికి పోయేవాణ్ణి. ఆ మాటలు విని ఒక పరిశోధన బృందం నన్ను పిలిచింది. దగ్గు శబ్దాన్ని బట్టి ఊపిరితిత్తుల జబ్బును పసిగట్టే యాప్ తయారుచేస్తున్నారు. ఎల్లారెడ్డి వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ల దగ్గులు కావాలి. వాళ్లకు విషయం విప్పి చెప్పడం, ఒప్పుకుంటేనే ఫోన్లో రికార్డు చేయడం, కాగితం మీద వేలిముద్ర తీసుకోవడం నా పని. నీతి చూసుకునే మనిషిని నేనే అన్నమాట. నవ్వొస్తే నవ్వండి.

చిక్కు వేలిముద్రల దగ్గర వచ్చింది. ఏళ్ల తరబడి తునికాకు మడిచి మడిచి వాళ్ల వేళ్లు నున్నగా అరిగిపోయాయి. కాగితం మీద సిరా మరకే తప్ప గీత పడదు. ఇవి చెల్లవని బృందం వాళ్లు కాగితాలు తిప్పి పంపారు. మళ్లీ ఊరూరా తిరగడానికి బద్ధకించి నా బొటనవేలు వేశాను. వాళ్లు ఒప్పుకున్నవాళ్లే కదా అనుకున్నాను. తప్పు అప్పుడే మొదలైందా? లేక ఆ తర్వాతి వారమా? ఇన్నేళ్లూ ఈ ప్రశ్నతో కాలక్షేపం చేసింది, ఆ తర్వాతి వారం సంగతి ఎత్తకుండా ఉండటానికేనేమో.

ఆ వారం ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఇంటామెను రాజవ్వ అందాం, పక్కింటామెను సత్తవ్వ. అవి వాళ్ల అసలు పేర్లు కావు. సత్తవ్వ ఒప్పుకుని రెండుసార్లు దగ్గి చూపించింది. నేను ఫోన్ ఆపకముందే రాజవ్వకు దగ్గు వచ్చింది. గట్టిగా, ఎక్కడో లోపలి నుంచి. వెంటనే ఆమె చూపు ఫోన్ మీద పడింది.

“గా దగ్గు తీసెయ్ సారూ. నేనేం ఒప్పుకోలే. కార్ఖానోళ్లకు ఎరుకైతే నాకు ఆకు ఇయ్యరు. గిదే బతుకు నాకు.”

“తీసేసిన అవ్వా.”

“నిజంగనేనా?”

“నీ ముందటనే తీసేసిన గదా.”

తీసెయ్యలేదు. తెర మీద వేలు ఆడించి ఫోన్ జేబులో పెట్టుకున్నాను. అంత మంచి దగ్గు అప్పటిదాకా దొరకలేదు. మంచి దగ్గు! ఆ మాట అనుకున్నందుకు నన్ను చెప్పుతో కొట్టాలి. కాగితం మీద ఆమె పేరు రాసి నా వేలు వేశాను.

పేర్లు బయటికి పోవని బృందం నాకు మాటిచ్చింది, నేను ఊళ్లకు మాటిచ్చాను. నెల తిరక్కుండానే, పరీక్షకు రావాల్సినవాళ్లు అంటూ ఆ బృందం వాళ్లే జాబితాను ఊళ్లో గోడకు అంటించారు. అందులో రాజవ్వ పేరుంది. కార్ఖానా వాళ్లు ఆమెకు ఆకు ఆపేశారు. జబ్బు ముందే తెలిసింది, మంచిదే కదా అని మీలో ఎవరో అంటారు. నేనూ అలా అనుకుని చూశాను. సిగ్గుతో ఆమె ఆ పరీక్షకు పోనేలేదు.

కొన్నాళ్లకు ఆ వీధిలోకి వెళ్లాను. రాజవ్వ నన్ను అనుమానించలేదు. సారు తన ముందే తీసేశాడు కదా! తన పేరు రాయించింది సత్తవ్వేనని, పక్కన కూర్చుని పని చేసుకుంటూనే తన నోట్లో మన్ను కొట్టిందని, నాకు మంచినీళ్లిచ్చి మరీ చెప్పుకుంది. వాళ్లిద్దరి మధ్యా మాటల్లేవు. నేను ఆ నీళ్లు తాగాను. “అట్లనా అవ్వా” అన్నాను. అబద్ధం కంటే నీచమైంది ఆ మాట. ఫోన్ వల్ల కాదు, బృందం వల్ల కాదు, పూర్తిగా నా వల్లే జరిగింది అది.

ఇప్పుడు జనం నుంచి తీసుకున్న సమాచారాన్ని నీతిగా ఎలా వాడాలో ఉపన్యాసాలిస్తున్నాను. చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లంటే నాకు అసహ్యం, కొట్టేవాళ్లంటే ఇంకా అసహ్యం. ఒక్కరైనా లేచి, నువ్వేం చేశావని అడగరేం?

ఎల్లారెడ్డి పోయి వాళ్లిద్దరి ముందూ నిలబడతానా? నన్ను నేను నమ్మను. మీరూ నమ్మకండి. రాస్తుంటే కొంచెం తేలికగా ఉంది, ఆ తేలిక కూడా నాకే దక్కుతోంది. అయినా రాస్తాను. రాజవ్వా, సత్తవ్వ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది నేను.